నా పేరు మీద నీ గుండె

తెనాలి,
20 జనవరి 2025.

చెల్లెమ్మ ఫిర్దోస్‌కి అన్నయ్య దువాలు.

నీ ఉత్తరం అందింది. ఇచ్చేటప్పుడు పోస్ట్‌మ్యాన్ ఈసారి కూడా నవ్వాడు. ఈ బజారు మొత్తం మీద చేత్తో రాసిన ఉత్తరం అందుకునే మొనగాణ్ణి నేనొక్కణ్ణేనట. ఫోను కొనుక్కోమని నిన్నిక అడగను. కొనిచ్చిన రెండూ కొమ్మమూరు కాలవ పాలయ్యాయి, మూడోది చేపలకెందుకు? అందులోంచి ఎవరూ పిలవకుండానే పిలుపులు వినపడతాయని నువ్వంటే నాకు అర్థం కాకపోవడమేమిటి. మనిద్దరిదీ ఒకటే జబ్బు. నాకు వినపడ్డ రోజుల్లో నేను రేడియో పగలగొట్టలేదూ?

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. పెళ్ళి పరుపులతో కొట్లో ఊపిరాడటం లేదు. ఓనరు పున్నారావుగారు దూది బస్తాలన్నీ పైన నా గదిలోనే పెట్టించారు. మంచం చుట్టూ గోడ కట్టినట్టున్నాయి. ఆ దుమ్ము నీకు పడదు గానీ, లేకపోతే ఇక్కడికే వచ్చెయ్యమనేవాణ్ణి.

ఇక అసలు సంగతి. నీకు నిద్ర తగ్గిందనీ, గొంతులు మళ్ళీ మొదలయ్యాయనీ రాశావు కదా. ఎప్పటిలాగే నీ చీటీ కూడా పట్టుకుని మన డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మాత్ర పెంచాలి, కానీ ముందు ఆవిడకి ఈసీజీ తీయించి తెండి అన్నారు. ఈ మందు గుండెని ఏం చేస్తోందో చూసుకోవాలట.

నువ్వు రైలెక్కవు. ఎక్కినా, గుండె మీద గుడ్డ తీసి మగవాడు వైర్లు అంటిస్తాడంటే ఆ బల్ల ఎక్కవు. నాకు తెలుసు. అందుకని ఒక ఉపాయం చేశాను. ల్యాబుకి వెళ్ళి నీ పేరు చెప్పి నేనే పడుకున్నాను. ఫిర్దోస్ అన్న పేరు మనలో ఆడవాళ్ళకీ ఉంటుంది, మగవాళ్ళకీ ఉంటుంది కాబట్టి అతను తలెత్తి చూడలేదు. వయసు నలభై ఏడు అన్నాను, రాసుకున్నాడు. డాక్టరు ఆ కాగితం చూసి గుండె బ్రహ్మాండంగా ఉందన్నారు. ఇక నుంచి నువ్వు కూడా నాలాగే రాత్రికి రెండు.

అది దొంగతనమేమీ కాదులే. ఒక తల్లి కడుపున పుట్టాం, ఒకటే జబ్బు, ఒకటే మాత్ర. గుండె మాత్రం వేరుగా ఎందుకుంటుంది? మాత్రలతో పాటు ఆ కాగితం కూడా పంపుతున్నాను, దాచుకో. ఎవరైనా అడిగితే పనికొస్తుంది.

రాత్రి తొమ్మిదింటికి, మరిచిపోకు.

నీ అన్నయ్య,
నాగూర్ బాషా.

*

బాపట్ల,
3 ఫిబ్రవరి 2025.

అన్నయ్యకి ఫిర్దోస్ సలాములు.

నువ్వు బల్ల మీద పడుకుని నా పేరుకి పలికావని చదివి చాలాసేపు నవ్వాను. మా ఇంటి ఓనరు ప్రమీలారాణి టీచరుగారు పక్క వాటాలోంచి కిటికీ దగ్గరికొచ్చి చూశారు. నేను ఒక్కదాన్నే కూర్చుని నవ్వుతుంటే ఆవిడకి భయం. ఉత్తరం ఎత్తి చూపించాను, స్థిమితపడ్డారు. మామూలు మనుషులు ఎంత సేపు నవ్వినా ఎవరూ కిటికీలోంచి తొంగిచూడరు కదా అనిపించింది.

మాత్రలు రెండు చేశాక గొంతులు బాగా తగ్గాయి. నిద్ర కూడా పడుతోంది. నీకు పుణ్యముంటుంది. రేపల్లెలో అమ్మ ఒకే సాసరులో పసుపు మాత్రలు పెట్టి మన ముందుకు తోసేది, గుర్తుందా? ముందు నువ్వు, తర్వాత నేను. నువ్వు మింగి నాలుక చాపి చూపించేవాడివి. అమ్మ పోయి నాలుగేళ్ళయింది గానీ, తొమ్మిదయ్యాక మాత్ర చేతిలో పెట్టుకుని ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను. నువ్వు ముందు మింగాలి కదా. రోజు మొత్తంలో నాకు తోడు ఉన్నట్టుండేది ఆ ఒక్క క్షణమే.

ఒక్క విషయం అడగాలి. మాత్రలు రెండయ్యాక నీకు గుండె కొట్టుకోవడంలో తేడా వచ్చిందా? నాకు ఉన్నట్టుండి పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు దడదడలాడి, తర్వాత ఆగినట్టవుతుంది. అప్పుడు కళ్ళు చీకట్లు కమ్ముతాయి. మొన్న మిషను మీద స్కూలు యూనిఫాం కుడుతూ ఉన్నాను. తెలివొచ్చేసరికి కుట్టు గుడ్డ దాటి పోయి ఉంది. కొంచెంసేపు నేను అక్కడ లేను. టీచరుగారు రక్తం తక్కువై ఉంటుంది, బెల్లం తినమంటున్నారు. నీకిలా ఎప్పుడైనా అయిందా?

ముందు వరండా గదిలో అద్దెకున్న కుర్రాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారు. పగలంతా తలుపు తీసే ఉంటుంది, గాలి బాగా వస్తుంది. దూది దుమ్ము ఉండదు. ఊరికే రాస్తున్నాను.

తొమ్మిదింటికి నీ తర్వాత మింగే
ఫిర్దోస్.

*

తెనాలి,
12 ఫిబ్రవరి 2025.

ఫిర్దోస్‌కి అన్నయ్య రాసేది.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. కోపం వస్తోంది, దాచుకోలేను.

నాకు ఏ దడా లేదు. ఏళ్ళ తరబడి రోజుకి రెండు మింగుతున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దూది బాదుతాను. ఒక్కరోజు కళ్ళు తిరగలేదు. ఎనిమిదేళ్ళ కిందట నువ్వు మొదలుపెట్టింది కూడా ఇలాగే. గుండె దడ అన్నావు, నీరసం అన్నావు, తర్వాత అమ్మకి తెలియకుండా మాత్రలు తులసికుండీలో పూడ్చావు. మనింట్లో తులసి పెట్టిందే పక్కింటి పిన్నిగారి దగ్గుమందు కోసం, దానికి నీ మందు మప్పావు. ఆ నెల తిరక్కుండానే నిన్ను పెనుమూడి రేవులో మోకాళ్ళ లోతు నీళ్ళల్లోంచి చెయ్యిపట్టి తీసుకొచ్చింది నేను. కృష్ణ అవతలి నుంచి అమ్మమ్మ పిలుస్తోందన్నావు. ఆ రోజు దారి పొడుగునా నీ చెయ్యి వదల్లేదు. ఇప్పుడు నువ్వు బాపట్లలో, నేను తెనాలిలో. సముద్రం నీకు ఎంత దూరం? ఈసారి ఎవరు పట్టుకుంటారు?

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మందు మానడానికి గుండె మీద నెపం పెట్టకు. గుండె బాగుందని కాగితం నీ దగ్గరే ఉంది. తీసి చూసుకో.

ఆ వరండా గది సంగతి నాకెందుకు రాశావో అర్థం కాలేదు. గది ఖాళీ అయిందంటే టీచరుగారు అద్దె పెంచుతారేమోనన్న బెంగా? నేను మాట్లాడతాలే. నువ్వు మాత్రం మాత్రలు ఆపనని అమ్మ మీద ఒట్టేసి రాయి.

నాగూర్ బాషా.

*

బాపట్ల,
11 మార్చి 2025.

అన్నయ్యకి,

రంజాన్ ముబారక్. ఉత్తరం ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. అమ్మ మీద ఒట్టు, ఒక్క మాత్ర కూడా మానలేదు. కావాలంటే టీచరుగారిని అడుగు. నీకు కోపం వచ్చిందని, ఇక దడ సంగతి నీకు రాయదలుచుకోలేదు. ఎవరికీ చెప్పదలుచుకోలేదు. కానీ ఇప్పుడు రాయక తప్పడం లేదు.

రోజాలు పట్టాను. వద్దంటావని ముందు చెప్పలేదు. నాలుగు రోజులు బాగానే గడిచింది. తర్వాత ఇఫ్తారులో తిన్నదేదో పడక విరోచనాలు పట్టుకున్నాయి, దాంతోపాటు దగ్గు. మందుల షాపులో చెప్పి మాత్రలు తెచ్చుకున్నాను. మర్నాడు కుళాయి దగ్గర బిందె ఎత్తుతూ ఎత్తుతూ పడిపోయాను. నుదుటి మీద మూడు కుట్లు. టీచరుగారు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆవిడే లేకపోతే ఏమయ్యేదాన్నో.

అక్కడ ఉన్నది డాక్టరమ్మ. వైర్లు అంటించింది కూడా ఒక నర్సమ్మాయి, పుష్పలత అని. తెర లాగి, పైన దుప్పటి కప్పి, కబుర్లు చెబుతూ క్షణంలో కానిచ్చేసింది. ఇంతకాలం భయపడింది దీనికా అనిపించింది.

డాక్టరమ్మ ఆ కాగితం చూశారు. పాతది ఏదైనా ఉందా అని అడిగారు. టీచరుగారికి నేను దాచిన చోటు తెలుసు, పాపం ఇంటికి పరిగెత్తి నువ్వు పంపింది తెచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి ఆవిడ ఎంతసేపు చూశారో. చివరికి నాతో ఇలా అన్నారు. "జనవరిలో ఒక మాత్ర మీదున్నప్పుడు మీ గుండె శుభ్రంగా ఉందమ్మా. అంటే ఒకటి మీకు పడుతుంది. రెండోదీ, ఉపవాసం, విరోచనాలు, ఆ షాపు మాత్రలు అన్నీ కలిసి ఇంత పని చేశాయి. మళ్ళీ ఒకటికి వద్దాం." వారం తర్వాత మళ్ళీ చూపించుకోమన్నారు. రోజాలు ఆపమన్నారు. సెలైను పెట్టి రెండు రోజులుంచుకుని ఇంటికి పంపారు.

అన్నయ్యా, నేను నోరు విప్పలేదు. జనవరిలో ఉన్నది నా గుండె కాదని చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. చెబితే ఏమంటారు? పిచ్చివాడు చేసిన పని అంటారు. పాతికేళ్ళుగా దూది ఏకుతూ, అందరి పెళ్ళిళ్ళకీ పరుపులు కుడుతూ, ఆ మాట పడకుండా బతుకుతున్నావు. నా వల్ల ఎవరో ముక్కూమొహం తెలియని నర్సు నోట నువ్వు ఆ మాట పడటం నాకిష్టం లేదు.

ఒకటే వేసుకుంటున్నాను. దడ తగ్గింది గానీ పోలేదు. నిన్న మెట్ల మీద మళ్ళీ కళ్ళు చీకట్లు కమ్మాయి. ఇది సాకు కాదు. నువ్వు నమ్మకపోయినా ఫరవాలేదు, నీకు ఒకసారి చెప్పి ఉంచాలనిపించింది.

ఫిర్దోస్.

*

బాపట్ల, మీ వీధి చివర టీ కొట్టు,
15 మార్చి 2025.

ఫిర్దోస్,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పొద్దున మొదటి రైలు పట్టుకుని వచ్చాను. ముందు ఆసుపత్రికే వెళ్ళాను. డాక్టరమ్మకి అంతా చెప్పాను. ఆ కాగితంలో ఉన్న గుండె నాదని, నాకూ అదే జబ్బని, ఏళ్ళుగా అదే మాత్ర వేసుకుంటున్నానని చెప్పాను. ఆవిడ పిచ్చివాడనలేదు. అంటే బాగుండును. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మీ చెల్లెలిది ఒక మాత్ర మీద ఎలా ఉందో అయితే ఎవరూ చూడలేదన్నమాట" అన్నారు.

తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. నాకు అర్థమైనంత వరకు రాస్తాను. గుండె ఒక దెబ్బ కొట్టాక మళ్ళీ తేరుకోవాలట. పరుపు నొక్కి వదిలితే దూది మళ్ళీ లేచినట్టు. బూరుగుదూది చప్పున లేస్తుంది, పత్తి నెమ్మదిగా లేస్తుంది. రెండూ మంచి దూదే. ఆడవాళ్ళ గుండె మామూలుగానే మగవాళ్ళ గుండె కంటే కాస్త ఆలస్యంగా తేరుకుంటుందట. మన పసుపు మాత్ర ఆ ఆలస్యాన్ని ఇంకా సాగదీస్తుంది. నాకు సాగినా సరిపోయింది. నీకు సరిపోలేదు. గుండె పూర్తిగా తేరుకోకముందే ఇంకో దెబ్బ పడితే లయ తప్పుతుంది, మనిషి పడిపోతాడు, ఒక్కోసారి లేవడు. కడుపు ఖాళీ అయి ఒంట్లో లవణాలు తగ్గినా, దగ్గుకో జ్వరానికో వేసుకునే కొన్ని మాత్రలు కలిసినా మరీ ప్రమాదమట. మగవాళ్ళకి రాదని కాదు, ఆడవాళ్ళకి ఎక్కువ వస్తుందన్నారు. మీరు కూడా ఏడాదికోసారి చూపించుకోండి, ఈసారి మీ పేరు మీద, అన్నారు.

నువ్వు దడ అని రాస్తే నేను సాకు అని రాశాను. దడ నిజం. పెనుమూడి రేవు భయం నా కళ్ళకి గంతలు కట్టింది. నీ ఉత్తరంలో నాకు నువ్వు కనపడలేదు, నీళ్ళు కనపడ్డాయి.

ఇప్పుడు చెయ్యాల్సింది విను. ఇవాళే టీచరుగారితో ఆసుపత్రికి వెళ్ళు. ఆవిడ నిన్ను చేర్చుకుని, గుండెని చూస్తూ మందు మారుస్తారు. మాత్ర నీ అంతట నువ్వు ఆపకు, నా మాట మీద కూడా వేసుకోకు. వాళ్ళు ఏది చెబితే అది.

నీ ఎదటికి రావడం లేదు. వస్తే నేను ఏదో ఒకటి చెబుతాను, నువ్వు సరే అంటావు. మన ఇద్దరికీ అదే అలవాటు. నా మాట విని ఇంత అయ్యాక ఇక నీకు నేను చెప్పేదేముంది. ఈ కాగితం టీచరుగారికి ఇచ్చి, ఆవిడ నిన్ను ఆటో ఎక్కించడం దూరం నుంచి చూసి స్టేషనుకి పోతాను.

బాషా.

*

బాపట్ల,
6 ఏప్రిల్ 2025.

అన్నయ్యకి ఫిర్దోస్ సలాములు, ఆలస్యంగా ఈద్ ముబారక్.

పండగ నాటికి ఇంటికి పంపించారు. టీచరుగారు పుష్పలతను అడిగి షీర్ ఖుర్మా చెయ్యబోయారు గానీ పుష్పలతా వాళ్ళూ టీచరుగారిలాగే లూథరన్ క్రైస్తవులు, ఎలా తెలుస్తుంది? అది సేమ్యా పాయసమై కూర్చుంది. ఇద్దరం కూర్చుని తాగాం. బాగానే ఉంది.

మందు మారింది. ఇది తెల్లది. గొంతులు మొదట కొంచెం హడావిడి చేశాయి, ఇప్పుడు పక్క వీధిలో మైకులా ఉన్నాయి, పడుకోవచ్చు. దడ లేదు. కొత్త కాగితం నాకు కూడా చూపించారు. గుండె తేరుకునే సమయం ఇంకా కొంచెం పొడుగ్గానే ఉందట గానీ పడిపోయేంత కాదట. నా గుండె కాగితం నేను చూడటం ఇదే మొదటిసారి.

ఇక నీతో తగువు. ఆ రోజు టీచరుగారు నీ ఉత్తరం నాకివ్వలేదు, నువ్వొచ్చావనీ చెప్పలేదు. నేను కంగారుపడకూడదని డాక్టరమ్మ ఫోనులో చెప్పారట. మళ్ళీ రమ్మన్నారు పద అని మాత్రం చెప్పి ఆటో ఎక్కించారు. వీధి మలుపులో చెరకురసం బండి వెనక నువ్వు నిలబడి ఉన్నావు. గళ్ళ తువ్వాలు నెత్తిన వేసుకుని, ఎవరికీ కనపడకూడదన్నట్టు. మా అన్నయ్య అక్కడున్నాడు అన్నాను. టీచరుగారు నా చెయ్యి నొక్కి, "ఎవరూ లేరమ్మా, నువ్వు కూర్చో" అన్నారు.

అన్నయ్యా, ఆ రాత్రి నేను పడిన బాధ అర్థం కావాలంటే మన జబ్బే ఉండాలి. నీకుంది కాబట్టి చెబుతున్నాను. ఇంతకాలం గొంతులే వినపడ్డాయి, ఇప్పుడు మనుషులు కూడా కనపడుతున్నారు అనుకున్నాను. మందు తగ్గించారు, ఇక ఇంతే నా పని అనుకున్నాను. అది కూడా ఎవరు కనపడాలి, నువ్వే కనపడాలా? పుష్పలత ఎందుకేడుస్తున్నావని అడిగితే చెప్పలేదు. చెబితే మళ్ళీ మాత్ర పెంచుతారని భయం. మర్నాడు మధ్యాహ్నం టీచరుగారు ఉత్తరం ఇచ్చారు. చివరి వాక్యం చదివి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. ఈసారి సంతోషంతో. నాకు పిచ్చి ముదరలేదు. నువ్వు నిజంగానే వచ్చి, నిజంగానే నన్ను చూడకుండా వెళ్ళిపోయావు.

ఆ రెండోది మాత్రం నేను మరిచిపోలేను. రెండు నెలలుగా ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచింది టీచరుగారు, డాక్టరమ్మ, నర్సు. నువ్వు తెనాలి నుంచి వచ్చి, వీధి చివర టీ తాగి వెళ్ళావు. నేను నిన్ను చూశాక కూడా, చూడలేదని నన్ను నేనే నమ్మించుకోవాల్సి వచ్చింది. నీ మాట వింటానని భయపడి రాలేదన్నావు. నీ మాట వినడం నాకు అలవాటే. నాకు నువ్వు చెప్పే మాట అక్కర్లేదు.

వరండా గది గురించి ఊరికే రాస్తున్నాను అన్నాను. ఊరికే రాయలేదు. అద్దె బెంగ కూడా కాదు. అది ఇంకా ఖాళీగానే ఉంది. బాపట్లలో కూడా జనం పరుపుల మీదే పడుకుంటారు. ఆలోచించుకో.

తెల్ల మాత్ర ఏ వేళకైనా వేసుకోవచ్చన్నారు, రోజూ ఒకే వేళ అయితే చాలట. తొమ్మిది అని చెప్పాను. మాత్ర వేరైంది గానీ నీకోసం ఆగే క్షణం ఆగుతూనే ఉన్నాను.

పదహారో తారీఖు బుధవారం పొద్దున నాకు మళ్ళీ ఈసీజీ ఉంది. నర్సు తెర వేస్తుంది, దుప్పటి కప్పుతుంది, నాకు భయం లేదు. నా బదులు నువ్వు పడుకోనక్కర్లేదు. గది బయట సిమెంటు బల్ల ఒకటుంది. నేను లోపలికి వెళ్ళి వచ్చేదాకా దాని మీద కూర్చో. తువ్వాలు తీసేసి కూర్చో.

నీ చెల్లెలు,
ఫిర్దోస్.